ఒకటో తేదీ పోను మిగిలిన రోజులు

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికీ, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) బాధ్యతలు చూస్తున్న మంత్రి గారికీ బహిరంగ లేఖ



ఒకటో తేదీ తెల్లారగానే గ్రామ సచివాలయ ఉద్యోగి గుమ్మం ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. లోపల్నుంచి ముసలావిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వస్తుంది. యంత్రం మీద బొటనవేలు పెడితే ముద్ర పడదు. నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లవి. చూపుడువేలు, తర్వాత ఎడమచెయ్యి, అదీ కాకపోతే ముఖం. ఎలాగో యంత్రం ఒప్పుకుంటుంది. ఎనిమిది అయిదు వందల నోట్లు చేతిలో పడతాయి. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని తలెత్తేసరికి ఉద్యోగి పక్కింటి గేటు దగ్గర ఉంటారు. అన్ని రకాల పింఛన్లూ కలిపి అరవై లక్షలకు పైగా మందికి నెలనెలా ఇలాగే అందుతోంది.

ఈ పనిని తక్కువ చేసి చూడటం ఈ లేఖ ఉద్దేశం కాదు. 2014 సెప్టెంబరు దాకా వృద్ధాప్య పింఛను 200 రూపాయలు. ఆ అక్టోబరులో 1000 అయింది. 2019 జనవరిలో 2000, తర్వాత అంచెలంచెలుగా పెరిగి 2024లో 4000. కేంద్రం వాటా 80 ఏళ్లలోపు వారికి ఇప్పటికీ 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది కాబట్టి, ఈ భారమంతా రాష్ట్రమే మోస్తోంది. ఈ డబ్బుతో బీపీ మాత్రలు ఆగకుండా సాగుతున్నాయి. కిరాణా కొట్టులో పాత బాకీ తీరుతోంది. మనవడి చేతిలో ఒక నోటు పెట్టగలిగిన నానమ్మ మాటకు ఇంట్లో విలువ పెరిగింది. ఇంటికొచ్చి ఇవ్వడం ఎంత అవసరమో 2024 ఏప్రిల్లో ఎన్నికల నియమావళి కారణంగా అది ఆగినప్పుడు, సచివాలయాల ముందు ఎండలో నిలబడ్డ వృద్ధులను చూసిన ప్రతివాళ్లకూ తెలిసింది.

మరి మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆ గడప ఎవరు తొక్కుతున్నారు? ఆవిడ ఎవరితో మాట్లాడుతోంది? రాత్రి నిద్ర పడుతోందా? ఇవి తీరిగ్గా అడిగి తెలుసుకునే బాధ్యతను ఇప్పటిదాకా ఎవరూ తమదనుకున్నట్టు లేదు.

దేశంలో పెద్దవయసు వారి స్థితిగతుల మీద జరిగిన అతి పెద్ద సర్వే 'లాసి'. 2017-18లో 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా వివరాలు సేకరించి, 2021 జనవరిలో మొదటి నివేదిక ఇచ్చారు. లక్షణాలను బట్టి లెక్కిస్తే 60 దాటినవారిలో 8.3 శాతం మందికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. తమకు ఆ జబ్బుందని డాక్టరు చెప్పారన్నవాళ్లు మాత్రం 0.8 శాతమే. అంటే పదిమందిలో ఒక్కరి సంగతే వైద్యుడి దాకా చేరింది. పట్టణాల్లో కంటే పల్లెల్లో ఈ బాధ ఎక్కువ. మందు దొరకని జబ్బు అయితే వేరే సంగతి. ఇది కనిపెడితే నయమయ్యే జబ్బు. కనిపెట్టకపోవడమే ఇక్కడ అసలు లోటు.

పల్లెల్లో ఈ బాధ ఎక్కణ్నుంచి వస్తోందో ఊరివాళ్లెవరినడిగినా చెబుతారు. ఆస్తితో పాటు అమ్మానాన్నలు కూడా పంపకాల్లోకి వెళ్లే ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తండ్రి పెద్దకొడుకు దగ్గర, తల్లి చిన్నకొడుకు దగ్గర. లేదా నెలకొకరి వంతు. ముప్ఫయ్యో తేదీన చీరల సంచీ, మందుల డబ్బా పట్టుకుని ఒక వీధి నుంచి ఇంకో వీధికి నడవడం. యాభై ఏళ్లు ఒక కప్పు కింద బతికిన ఇద్దరు ఆ వయసులో ఒకే ఊళ్లో వేరువేరు వసారాల్లో పడుకోవాల్సి వస్తుంది. తిండికి లోటు ఉండకపోవచ్చు. కోడళ్లు చెడ్డవాళ్లూ కాకపోవచ్చు. ఇద్దరు కొడుకులకూ సమానంగా భారం పంచామనుకునే పెద్దమనుషులకు, ఆ పంపకంలో ఇద్దరి జీవితం రెండుగా చీలిపోయిందన్న ఆలోచన తట్టదు. చాలా ఇళ్లలో ముసలితనంలో మొదటి దెబ్బ ఇదే.

ఇక పిల్లలు దగ్గర లేనివాళ్లు. ఉద్దానం నుంచి హైదరాబాదుకో చెన్నైకో, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకో, రాజంపేట, కోనసీమల నుంచి కువైట్‌కో, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి అమెరికాకో పిల్లలు వెళ్లిపోయారు. డబ్బున్న ఇంట్లో సీసీ కెమెరా ఉంటుంది, అమెరికాలో కొడుకు ఫోన్లో చూస్తుంటాడు. లేనింట్లో కీప్యాడ్ ఫోను ఉంటుంది. ఆ ఫోను మోగేది పొద్దుగూకాకే. అది మోగే దాకా ఇద్దరి పరిస్థితీ ఒకటే. రాబోయే కాలం దీనికంటే సులువుగా ఉండదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7. ఈనాడు వంతులు వేసుకోవడానికి ఇద్దరు ముగ్గురు కొడుకులున్నారు. ఇంకో ముప్ఫై ఏళ్లకు చాలా ఇళ్లలో ఒక్కరే ఉంటారు, వాళ్లూ ఊళ్లో ఉండరు.

బాధ ఉన్నా ఎవరూ 'నా మనసు బాగాలేదు' అంటూ ఆసుపత్రికి రారు. గుండె దడంటారు, ఒళ్లంతా మంటలంటారు, అరికాళ్లు తిమ్మిర్లంటారు, నాలుక్కి రుచి లేదంటారు, రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోందంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు బలానికని సెలైన్ ఎక్కిస్తారు. రెండు మూడు గంటలు ఆ మంచం పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు, ఎలా ఉందని అడుగుతారు. అందుకే సెలైన్ పెట్టించుకున్న రోజు ఒంట్లో బాగున్నట్టుంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే దడ. కొందరికి నిద్రమాత్రలు అలవాటవుతాయి, తూలి పడి తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత మంచమే గతి. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లమంటే ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. విశాఖ మానసిక ఆసుపత్రి పేరూ, హైదరాబాదు ఎర్రగడ్డ పేరూ తిట్లుగా మారిన నేల ఇది.

ఇంత చెప్పాక, మీ చేతిలో ఉన్న మంచి సంగతి ఒకటి. దీనికి దారి వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోనే దారి వేసి చూపించారు.

2015-16 ప్రాంతంలో ఆ జిల్లా గిరిజన గ్రామాలు ముప్ఫయ్యింటిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో ఒక ప్రయత్నం చేశారు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఇంటింటికీ పంపి, పెద్దవాళ్లందరినీ నిద్ర, ఆకలి, దిగులు, భయం గురించి అడిగించారు. 5,007 మందిని అడిగితే 238 మందికి సాయం అవసరమని తేలింది. ఆ పేర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్‌లోకి వెళ్లేవి. ఏం అడగాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో అందులోనే ఉండేది. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తిరిగి ఆశాకు తెలిసేది, రానివాళ్ల ఇంటికి ఆమె మళ్లీ వెళ్లేది. ముందుగా ఊళ్లలో వీడియోలు చూపించారు, నాటకం ఆడించారు. మానసిక బాధకు వైద్యం పొందేవాళ్లు అంతకుముందు 0.8 శాతం ఉంటే, ఆ తర్వాత 12.6 శాతానికి పెరిగారు. ఇదే పద్ధతిని తర్వాత పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. ఈ పద్ధతి నడిచిన చోట బాధితుల్లో నలుగురిలో ముగ్గురు కోలుకున్నారు, మామూలు వైద్యమే ఉన్నచోట సుమారు సగం మందే. ఇది పద్దెనిమిదేళ్లు నిండిన అందరి కోసం చేసిన పని. వృద్ధుల కోసం ప్రత్యేకంగా చేసింది కాదు. అయినా మన ఆశాలు, మన పీహెచ్‌సీ డాక్టర్లు ఈ పని చేయగలరని రుజువు చేసింది. మన జిల్లాలో దొరికిన ఈ రుజువు మన రాష్ట్ర కార్యక్రమంగా మారాల్సి ఉంది.

వృద్ధుల సంగతి ప్రత్యేకంగా చూసింది గోవాలో. అక్కడి ఆరోగ్య కేంద్రాలకు వచ్చే 60 దాటినవారిలో, జబ్బు ముదరకముందే దిగులు లక్షణాలు కనిపించిన 181 మందిని ఎంచుకున్నారు. వాళ్లలో సగం మంది దగ్గరకు, డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులను పంపారు. వాళ్లు చేసినవి నాలుగు పనులు. ముందున్న చిక్కును ఒక్కొక్కటిగా ఎలా విప్పుకోవాలో కూర్చుని మాట్లాడారు. నిద్ర గాడిలో పడే పద్ధతులు చెప్పారు. షుగరు, బీపీ లాంటివి ఎలా చూసుకోవాలో నేర్పారు. రావాల్సిన ప్రభుత్వ పథకం రాకపోతే అది వచ్చేలా సాయపడ్డారు. ఏడాది తిరిగేసరికి వీళ్లలో సుమారు 4 శాతం మందికే పెద్ద కుంగుబాటు వచ్చింది, రెండో సగంలో 14 శాతం మందికి వచ్చింది. ఆ నాలుగో పనిని సెర్ప్ మంత్రి గారు ప్రత్యేకంగా గమనించాలి. ఆగిపోయిన పింఛను, తేలని పాసుపుస్తకం, కంటి శుక్లం ఆపరేషన్ కోసం బస్టాండు దాకా తోడు వచ్చేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ మనసును తినేవే. పింఛను తీసుకునే భర్త పోయినప్పుడు భార్యకు మరుసటి నెల నుంచే పింఛను వచ్చేలా 2024లో తెచ్చిన మార్పును ఈ కోణంలో చూస్తే మానసిక ఆరోగ్య చర్యగా కూడా లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు ఆశా కార్యకర్త చేతిలోని కాగితం దగ్గరకు రండి. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి కోసం నింపే సీబ్యాక్ ఫారం అది. బీపీ, షుగరు, క్యాన్సరు ప్రశ్నలన్నీ అయ్యాక చివర్లో రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా? రెండింటికీ మార్కులున్నాయి, మూడు దాటితే పైకి పంపాలని కూడా ఉంది. వృద్ధుల కోసం విడిగా తూలడం, మతిమరుపు లాంటి ప్రశ్నలూ ఉన్నాయి. అంటే అడగమని ప్రభుత్వం ఇప్పటికే చెప్పింది. జరుగుతున్నదేమిటి? మిట్టమధ్యాహ్నం, ఇంకా పాతిక ఇళ్లు మిగిలి ఉండగా, వాకిట్లో నిలబడి, పక్కనే కోడలు వింటుండగా, ఆ ప్రశ్న వస్తుంది. ముసలావిడ కోడలి వైపు ఒకసారి చూసి "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అంటుంది. ఫారంలో సున్నా పడుతుంది. ఆ సున్నాకు ఆశా కార్యకర్త కారణం కాదు. కూర్చునే తీరిక ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఔనంటే ఎవరి దగ్గరికి పంపాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇదే ప్రశ్నను వసారాలో మంచం మీద పక్కన కూర్చుని, కాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టి, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా పెద్దమ్మా? పొద్దున లేచాక ఏం తోస్తుంది?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది. "దేవుడు తీసుకుపోతే బాగుండమ్మా" అన్న మాట అప్పుడు బయటికొస్తుంది. వయసు పైబడినవాళ్లు మామూలుగా అనే మాటే కదా అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తుంటారు. శిక్షణ ఉన్నవాళ్లు అక్కడ ఆగి ఇంకో ప్రశ్న వేస్తారు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు గుండె బరువు దిగుతుంది. అలాంటివాళ్ల కోసమే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. చెవులు సరిగా వినపడని, అంకెలు నొక్కడం రాని ముసలాయన దానికి తనంతట తాను ఫోను చేయగలరా? ఆశా తన ఫోన్లోంచి కలిపి, పక్కన కూర్చుని, అవసరమైతే మాటలు అందించాలి. అప్పుడే ఆ నంబరు పల్లెకు చేరినట్టు.

పదివేలకు పైగా విలేజ్ క్లినిక్కులున్నాయి, ప్రతి దాంట్లో నర్సింగు చదివిన ఒకరున్నారు. 2023 ఏప్రిల్లో మొదలైన ఫ్యామిలీ డాక్టరు పద్ధతిలో 104 వాహనంతో డాక్టరు ఊరికి రావడం జనానికి అలవాటైంది. టెలీ వైద్యంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉంది. ఇన్ని ఉండగా కొత్త శాఖ, కొత్త భవనం అక్కర్లేదు. డాక్టరు ఊరికొచ్చే రోజున బీపీ చూసే బల్ల పక్కనే ఇంకో కుర్చీ వేసి, నెలలో ఒక్కపూట మానసిక వైద్యుణ్ని వీడియోలో కూర్చోబెడితే మొదలుపెట్టినట్టే. అక్కడికి వచ్చినవాళ్లకు పిచ్చి అన్న ముద్ర పడదు, బీపీ కోసం వచ్చినట్టే ఉంటుంది. మతిమరుపు వేరు, దిగులు వేరు అని తేల్చే పని కూడా అక్కడే మొదలవుతుంది. 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడితే రెండింటికీ వైద్యం అందదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు, నెలకు పదివేల దాకా భృతి ఇప్పించవచ్చు. కానీ కొడుకు మీద కాగితం పెట్టి అదే ఊళ్లో తలెత్తుకు తిరగడం ఎందరు తల్లులకు సాధ్యం? ఆ చట్టం కోసం కేంద్రం రాసిన మాదిరి నిబంధనల్లో ఇంకో మంచి అంశం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల జాబితా పోలీస్ స్టేషన్లో ఉండాలి, వీలైనంత వరకు ఒక సామాజిక కార్యకర్తను వెంటబెట్టుకుని నెలకొక్కసారైనా వాళ్లింటికి వెళ్లి చూడాలి. మన పల్లెల్లో ఇంటికి పోలీసు వస్తే ఊరంతా మరోలా అనుకుంటుంది. ఆ బాధ్యతను సచివాలయానికి, పొదుపు సంఘానికి అప్పగిస్తే నలుగురూ హర్షిస్తారు.

పొదుపు సంఘాల మాట వచ్చింది కాబట్టి, సెర్ప్‌కు అసలు పని ఇక్కడుంది. కేరళలో కుటుంబశ్రీ వృద్ధులకు విడిగా అయల్కూట్టాలు (ఇరుగుపొరుగు సంఘాలు) పెట్టింది. జింబాబ్వేలో 2006లో మొదలైన 'ఫ్రెండ్‌షిప్ బెంచ్'లో ఆసుపత్రి ఆవరణలోని బల్ల మీద కూర్చుని మనసు విప్పించేది అమ్మమ్మలే, నానమ్మలే. 2016లో వెలువడిన పరిశోధన ఆ పద్ధతి పనిచేస్తోందని తేల్చింది. మన ఊళ్లలో ముప్ఫై ఏళ్లుగా డ్వాక్రా సంఘం నడిపి, బ్యాంకు మేనేజరుతో వాదించి, ఊళ్లో ప్రతి ఇంటి గుట్టూ తెలిసి కూడా పెదవి దాటనివ్వని ఆడవాళ్లున్నారు. అరవై దాటగానే వాళ్లు సంఘం లెక్కల్లోంచి పక్కకు జరుగుతున్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనం ఇచ్చి, ఊరికి ఇద్దర్ని నియమించండి. మగవాళ్ల కోసం రిటైరైన మాస్టార్లున్నారు. దిగులుతో ఉన్న మగవాళ్లు ఆడవాళ్లకంటే ఆలస్యంగా నోరు విప్పుతారు, వాళ్లకు తోటి మగవాడే కావాలి.

నలుగురూ కలిసే చోటు కూడా తగ్గిపోయింది. సిమెంటు రోడ్డు ఎత్తు పెరిగి అరుగులు పూడిపోయాయి, కొత్త ఇళ్లకు అరుగులే లేవు. ఉపాధి పనికి వెళ్లే ముసలివాళ్లలో చాలామంది కూలి కోసం ఎంత వెళ్తారో, దారిలో మాటల కోసమూ అంత వెళ్తారు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలయ్యాక, కూతురింటికో గుడికో పోయి సాయంత్రానికి తిరిగొచ్చే పెద్దవాళ్లు బస్సుల్లో కనిపిస్తున్నారు. ఈ ప్రయాణాల వల్ల కలిగే మేలు ఆర్టీసీ లెక్కల్లోకి రాదు, మీ శాఖల లెక్కల్లోకి రావాలి. తమిళనాడులో 1980ల నుంచే వృద్ధాప్య పింఛనుదార్లకు మధ్యాహ్న భోజన కేంద్రాల్లో అన్నం పెట్టే ఏర్పాటుంది. మన దగ్గర కొన్ని ఊళ్లలో దాతలు ఒంటరి వృద్ధులకు క్యారేజీలు పంపుతున్నారు, వాళ్లకు దండం పెట్టాలి. అయితే క్యారేజీ ఇంటికే వస్తే మళ్లీ ఒంటరి భోజనమే. నడవగలిగినవాళ్లు వచ్చి పంక్తిలో కూర్చుని తినే చోటు ఉంటే, ఒకరు రెండు రోజులు రాకపోతే మూడోరోజు ఇంకొకరు ఇంటికెళ్లి చూస్తారు.

తెలంగాణలోనూ సంగతి ఇంతే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ వెళ్లిన కొడుకుల కోసం ఎదురుచూసే తల్లులకు మనాది పట్టిందని ఇరుగుపొరుగు చెప్పుకుంటారు. అక్కడ 2016 రూపాయల పింఛను కోసం చాలామంది పోస్టాఫీసుకే వెళ్లాలి, పల్లె దవాఖానలు మాత్రం అక్కడా ఉన్నాయి. ఈ పని ఇక్కడ మొదలైతే అక్కడి ప్రభుత్వాన్ని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మంత్రి గార్లూ, అడుగుతున్నది మొత్తం రాష్ట్రానికి ఒకేసారి కాదు. జిల్లాకొక మండలంతో మొదలుపెట్టండి. అక్కడ ఆశాకు ఈ పనికి పారితోషికం విడిగా చూపండి. ఇప్పుడిచ్చే పదివేలల్లోనే దీన్ని కూడా చేర్చితే మళ్లీ ఫారంలో సున్నాలే వస్తాయి. పింఛను పంచే ఉద్యోగికి ఒక గమనిక గడి ఇవ్వండి: ఈ నెల మనిషి చిక్కారా, ఇల్లు ఊడ్చి ఉందా, పలకరిస్తే బదులు పలికారా. మూడింట్లో ఏది తేడాగా ఉన్నా ఆ పేరు అదే వారంలో క్లినిక్కుకు వెళ్లాలి. క్లినిక్కు నుంచి ఎవరు చూశారు, ఏం చేశారు అన్నది తిరిగి సచివాలయానికి రావాలి. ఏడాదయ్యాక ఎన్ని ఫారాలు నింపారో లెక్క అడగకండి. దిగులుందని తేలిన ఎంతమంది దగ్గరికి రెండోసారి మనిషి వెళ్లారో అడగండి, ఆ అంకెను ఊరూరి సచివాలయం గోడ మీద, పింఛను జాబితా పక్కనే అంటించమనండి.